నాలుగో జ్వరం

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నీకింకా రాలేదే అంటుంది మా అమ్మ. నిజమే, నేను చెప్పబోయేది మొన్న మొన్నటి సంగతి. కానీ మూతికి గుడ్డ కట్టుకుని, పక్కవాడు తుమ్మితే దేవుడికి దండం పెట్టుకుంటూ బతికిన ఆ కరోనా రోజులు ఇప్పుడు తలుచుకుంటే ఏ కాలానివో అనిపిస్తాయి. ఆ రోజుల్లో జ్వరం అనే మాట పైకి అనడానికి జనం జంకేవాళ్లు. ఒళ్లు వెచ్చగుండాది అనేవాళ్లు, నలతగా ఉండాది అనేవాళ్లు, మరీ తప్పకపోతే 'అదే' అనేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ఆ మాట పొద్దున లేచింది మొదలు వినపడుతూనే ఉండేది. "జ్వరానికి కూసున్న్యాయా?" "ఇంగా ల్యా, రేపటికి కూసుంటాయి." "జ్వరం లేసినాయా?" "సగం లేసినాయి, సగం కూసోనుండాయి." మా ఇంటి ముందు నుంచి వెళ్లే కొత్తవాళ్లెవరైనా ఈ మాటలు వింటే దారి మార్చుకుని పోయేవాళ్లు.

సంగతేమిటంటే, మాది పలమనేరు దగ్గర పల్లె. మా నాయన పట్టుపురుగులు పెంచుతాడు. పట్టుపురుగు గుడ్డులోంచి బయటపడ్డాక గూడు కట్టేలోపు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు ప్రతిసారీ మేత మానేసి, తల పైకెత్తి, ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నచోటనే ఉండిపోతుంది. ఆ ఉండిపోవడాన్నే మావైపు రైతులు జ్వరం అంటారు. మేత మానితే జ్వరానికి కూర్చున్నట్టు, చర్మం విడిచి మళ్లీ కదిలితే లేచినట్టు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని వరస. నిజానికి అది జబ్బూ కాదు, పాడూ కాదు. పురుగు పెద్దదవుతోందన్నమాట, అంతే. (ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజు బస్సులో ముందే చెప్పి ఉంటే ఈ కథే లేదు.) ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా నాయన పురుగుల్ని పురుగులు అనడు, 'పిల్లోల్లు' అంటాడు. "పిల్లోల్లకు మేత ఏసినావా?" అంటాడు. చిన్నప్పటి నుంచీ విని విని నాకూ అదే అలవాటు.

నేనప్పుడు తిరుపతిలో జువాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. చివరి ఏడాది ప్రాజెక్టు కింద మా మేడమ్ నాకిచ్చిన పని, పట్టుపురుగు ఒక్కొక్క దశలో ఎంత పెరుగుతుందో కొలవడం. ఒళ్లు కొలిస్తే లాభం లేదు, అది మేతను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. తల కొలవాలి. పురుగు తలమీద గట్టి పెంకు ఉంటుంది. చర్మంతో పాటు ఆ పెంకు కూడా ఊడి పడుతుంది, కొత్త తల పెద్దదిగా బయటికొస్తుంది. ఆ తల వెడల్పును మైక్రోస్కోపు కింద కొలిస్తే పురుగు ఏ దశలో ఉందో ఇట్టే చెప్పొచ్చు. వినడానికి ఎంత సుఖంగా ఉంది! ఓపికగా ఒకచోట కూర్చునే పిల్లకైతే చేయడానికి కూడా సుఖమే. నేనేమో కాలు కాలిన పిల్లిని. అన్నం తింటూ తిరిగేదాన్ని, చదువుతూ తిరిగేదాన్ని, ఫోను మాట్లాడితే మిద్దె ఈ చివర మొదలుపెట్టి ఆ చివర ముగించేదాన్ని. "నిన్ను కన్నప్పుడు మీయమ్మ బొంగరం మింగిందేమో" అనేవాడు నాయన.

మొదటి విడత పురుగుల్ని హాస్టల్ గదిలో పెంచాను. అవి జ్వరానికి కూర్చున్నాయి. నేను కూర్చోలేకపోయాను. విడిచాయా, ఇంకా విడవలేదా అని నిమిషానికోసారి మూత తీయడం, పుల్లతో కదపడం, టార్చి వేసి చూడడం. చర్మం విడిచేటప్పుడు పురుగు కాళ్లు కింద అంటుకుని గట్టిగా పట్టుకుని ఉంటేనే పాత చర్మంలోంచి బయటికి రాగలదు. నా పుల్లపోట్లకు పాపం పట్టు తప్పి, సగం చర్మంలో ఇరుక్కుని ఒక్కొక్కటే చచ్చిపోయాయి. ఆ ప్లేటు తీసుకెళ్లి మేడమ్ ముందు పెడితే ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకొక్క విడత చూడమ్మా. అది కూడా పోతే ఈ ఏడు పట్టాకు నీ పేరు నేను పంపలేను, వచ్చే ఏడు జూనియర్లతో కలిసి చేసుకోవాలి" అంది. తిట్టి ఉంటే బాగుండేది. నాతో చదివినవాళ్లంతా పట్టా పుచ్చుకుని వెళ్లిపోతుంటే నేను మళ్లీ మొదటి జ్వరం నుంచి మొదలుపెట్టడమా? ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు.

అందుకని రెండో విడత మా ఊళ్లో, మా నాయన షెడ్డులో, మా నాయన కాపలాలో పెంచాను. (కాపలా పురుగులకు కాదు, నాకు.) ఆయన నా చేతిలో పుల్ల కనపడితే లాక్కునేవాడు. మూడు జ్వరాలు సుఖంగా గడిచాయి. రాలిన తలపెంకుల్ని ఏరి, హోమియో మందుల సీసాలు మూడు కడిగి ఆరబెట్టి, ఒక్కొక్క జ్వరానివి ఒక్కొక్క సీసాలో వేసి పెట్టుకున్నాను. నాలుగో జ్వరం అయ్యాక పురుగుల్నే తీసుకురమ్మంది మేడమ్, మైక్రోస్కోపు కింద తానే దగ్గరుండి చూపిస్తానని. అవి నాలుగో జ్వరానికి కూర్చున్నాయో లేదో, లేచిన రోజే కొలిచెయ్యాలని నాకు కాలు నిలవలేదు. "లేసినాక పోదువులే" అంది అమ్మ. నాయన కాసేపు ఆలోచించి, "పోతే పోనీ. జ్వరంలో ఉంటే మేత అడగవు. కుదుపు లేకుండా ఒళ్లో పెట్టుకోని పో. అన్నీ లేస్తానే ఆకు ఏయల్ల, పొద్దుగూకేలోపల ఆకు పడకపోతే బలం లేక సచ్చిపోతాయి" అన్నాడు. వెదురు తట్ట మీద ఆయన తెల్లపంచె కప్పి, తడిపిన గోతాంలో మల్బరీ ఆకు కట్టి, నన్ను తిరుపతి బస్సెక్కించాడు.

మొగిలి ఘాటు దిగుతుండగా నాయన ఫోను చేశాడు. ఘాటులో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, పైగా మూతికి మాస్కు. దాంతో గొంతు చించుకున్నాను.

"నాయనా! ఇనపడతాందా? ఆఁ, పిల్లోల్లంతా నాలుగో జ్వరంలోనే ఉండారు! ఒగరు గూడా కదల్లేదు, తలకాయలు పైకెత్తుకోని అట్నే పడుండారు! తిండా? నిన్నట్నించీ ముట్టనే లేదు! లే నాయనా, ఇద్దురే పోయినారు! యాడికి తీసుకోని పోతాను, బస్సెక్కేముందు దిబ్బలో పారేసినా! తలకాయలా? భద్రంగా ఉండాయి, మూడు జ్వరాలవీ మూడు సీసాల్లో ఏసి పెట్టినా! నాలుగోవి రాలినాక మేడమ్ దగ్గిర కొలుస్తాం!"

ఫోను పెట్టేసి చూస్తే నా వెనక సీట్లు అప్పటికే ఖాళీ. అవతలి వరసలో కిటికీ పక్కన ఒక అవ్వ, చిత్తూరులో కూతురింటికి పోతున్నదట, ఒళ్లో మూట పెట్టుకుని నన్నే చూస్తోంది. కాస్త తేరుకుని, మాస్కు మీద కొంగు కూడా అడ్డం పెట్టుకుని అడిగింది.

"అమ్మణ్ణీ, ఎంతమంది బిడ్లు నీకు?"

అడిగిందానికి జవాబు చెప్పడం మర్యాద కదా. "లెక్కబెట్లేదవ్వా. రెండు మూడొందలుంటారు" అన్నాను.

"ఓయమ్మో, ఓయప్పో! కండక్టరూ!" అని ఆ అవ్వ లేచిన వేగం చూడకపోతే, ఆ వయసులో మోకాళ్లు ఎవరికైనా అంత బాగా పనిచేస్తాయంటే నేను నమ్మేదాన్ని కాదు. కండక్టరు విజిలు ఊది ఊది డ్రైవరు వైపు, "అన్నా, బండి ఆపన్నా! ఈడ కేసుండాది!" అని అరిచాడు. బండి ఆగింది. జనం ముందు తలుపు దగ్గర కుప్ప పడ్డారు. దూరం పాటించాలని అన్నాళ్లు చెప్పి చెప్పి అలిసిపోయిన పెద్దమనుషులు ఆ కుప్పను చూస్తే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు.

"పాపా, జ్వరమొచ్చినోల్లు యాడుండారు సెప్పు" అన్నాడు కండక్టరు, టికెట్ల మిషను రొమ్ముకు అడ్డం పెట్టుకుని.

"ఈ తట్టలోనే ఉండారన్నా" అన్నాను.

ఆ మాటకు ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. అప్పుడు గానీ నాకు బుర్రలో వెలగలేదు. నవ్వొచ్చింది, కోపమొచ్చింది. "అయ్యో, ఇవి పట్టుపురుగులన్నా!" అని పంచె లాగేశాను. నిజం తెలిస్తే అందరూ నవ్వేసి కూర్చుంటారనుకున్నాను. బుద్ధి తక్కువ. తల పైకెత్తి బిగుసుకుపోయిన తెల్లటి పురుగులు తట్ట నిండా ఉండేసరికి ఉన్న గోల రెట్టింపయింది. "పురుగులకు గూడా వచ్చేసిందిరా నాయనా!" అన్నాడొకడు. "గబ్బిలాల్తో మొదులైందన్న్యారు, ఇంగ పురుగులెంత!" అన్నాడింకొకడు. జ్వరమంటే జ్వరం కాదు, చర్మం విడవడం అని నేను మొత్తుకుంటుంటే, "సర్మం గూడా ఊడిపోతాదంట!" అని వెనకవాడు ముందువాడికి చేరవేశాడు. ఇంక నేను నోరు తెరిస్తే నాకే నష్టమని అర్థమైంది.

బంగారుపాళెం దాటాక రోడ్డు పక్కన జ్వరం చూసే టెంటు ఒకటి ఉండేది. బస్సును అక్కడిదాకా పోనిచ్చి, నన్నూ నా తట్టనూ దించేశారు. దించాక బస్సు ఎంత వేగంగా పోయిందంటే, సీటు కింద నా ఆకు గోతాం ఉందన్న మాట నాకు గుర్తొచ్చేటప్పటికి దాని పొగ కూడా మిగల్లేదు. పరిగెత్తాను, కేకలేశాను, చెప్పు తెగింది. చుట్టూ ఎటు చూసినా మామిడి తోటలే. పట్టుపురుగు ప్రాణం పోయినా మామిడాకు ముట్టదు.

టెంటులో ఉన్న నర్సమ్మ నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. కండక్టరు ఏం చెప్పిపోయాడో గానీ, నన్ను దూరంగా నిలబెట్టి, జ్వరం చూసే తుపాకీని ముందు తట్ట మీద పెట్టింది. చూసింది. మళ్లీ పెట్టింది. తర్వాత నా నుదుటికి గురిపెట్టింది.

"ఈటికి జ్వరం ల్యా. నీకే ఉండాది" అంది.

ఎండలో బస్సు వెంట పరిగెత్తి వచ్చినదానికి ఒళ్లు కాలకేం చేస్తుంది? "అక్కా, అది ఎండ. నన్ను పంపించెయ్యి, ఇవి లేస్తే ఆకు ల్యా" అన్నాను. "టెస్టు చేసే కిట్టు చిత్తూరు నుంచి రావల్ల. అందాకా నీడలో కూసో" అంది. కూర్చోవడమా? నేనా? టెంటు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. రోడ్డు మీదికి పోయి వచ్చే బస్సులకు చెయ్యెత్తడం, ఎవరూ ఆపకపోతే తిట్టుకోవడం, మళ్లీ వచ్చి తట్టలోకి తొంగి చూడడం. నర్సమ్మ తుపాకీ పెట్టినప్పుడల్లా అంకె పైకే పోతోంది. నాయనకు ఫోను చేశాను. "నాయనా, నన్ను పట్టుకోని దించేసినారు! బంగారుపాళెం కాడ టెంటులో ఉండా! నాకు జ్వరమంట..." అనేసరికి ఫోను చచ్చిపోయింది. పొద్దుటి నుంచి దాన్ని తినేస్తూనే ఉన్నాను మరి, చార్జి ఎక్కడ మిగుల్తుంది? ఆకు పట్టుకురమ్మని చెప్పే లోపలే పోయిందే అని తల బాదుకున్నాను.

చివరికి నర్సమ్మకే విసుగొచ్చి కుర్చీ ఒకటి తట్ట ముందు వేసి, "సూడు, ఈ కుర్చీలోంచి లేస్తివా, చిత్తూరు ఆసుపత్రి బండి ఎక్కిస్తా. మంచం మీద కట్టేసి పండబెడతారు" అంది. (కట్టెయ్యరని ఇప్పుడు తెలుసు.) కూర్చున్నాను. చేతుల్లో పుల్ల లేదు, టార్చి లేదు, ఫోను లేదు. చేసేది లేక పురుగుల్నే చూస్తూ కూర్చున్నాను. అట్లా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, ఒక పురుగు మెడ దగ్గర చిన్న కదలిక కనబడింది. పాత తల ముక్కు మీదికి జారిన టోపీలాగా ముందుకు వంగింది, దాని వెనక నుంచి పాలిపోయిన కొత్త తల, ఎంత పెద్దది, బయటికొచ్చింది. ఒళ్లంతా అలలు అలలుగా కదిలించుకుంటూ పురుగు పాత చర్మంలోంచి నడిచి వచ్చేసింది. పెంకు టక్కున రాలింది. చెబితే సిగ్గుచేటు గానీ, ఇన్నాళ్లూ రాలిన పెంకులు ఏరుకున్నానే తప్ప అది రాలుతుండగా నేనెప్పుడూ చూసింది లేదు. నర్సమ్మ కూడా ఎప్పుడొచ్చిందో నా వెనక వంగి చూస్తోంది. "అబ్బా! పట్టుచీర కట్టుకుంటిమే గానీ ఈ కష్టం యాడ సూసినాం" అంది. తుపాకీ నా నుదుటి మీద పెట్టి చూసి, "నీక్కూడా దిగింది" అంది.

నాకు మాత్రం ఆకు గుర్తొచ్చింది. ఒకటి లేచిందంటే అన్నీ లేస్తాయి. లేచినవి తలలు అటూ ఇటూ తిప్పుతూ ఆకు కోసం వెతుకుతున్నాయి. ఆ వెతకడం చూడలేక కళ్లు మూసుకున్నాను. ఇవీ పోతే? మేడమ్ మళ్లీ కళ్లజోడు తుడుచుకుంటుంది. సరిగ్గా అప్పుడు టెంటు ముందు మోటారుసైకిలు ఒకటి ఆగింది. స్టాండు కూడా సరిగ్గా వేయలేదు, బండి పక్కకు పడిపోయింది. మా నాయన! పని చేసుకునే లుంగీ మీదనే వచ్చేశాడు. మూతికి మాస్కు లేదు, తువ్వాలు లేదు, కాళ్లకు చెప్పులు లేవు. ఎప్పుడూ పురుగుల మీద చల్లే సున్నం పొడి అంటుకుని ఉండే ఆ చేతులు వట్టిగా వేలాడుతున్నాయి.

నేను కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతి, "ఆకేది నాయనా?" అన్నాను.

"ఆకా?" అన్నాడు, తెలియని భాష విన్నట్టుగా.

"ఆకు నాయనా! పిల్లోల్లు లేసేసినారు, సూడు ఎట్ల ఎతుక్కుంటాండారో! ఇంత దూరం వచ్చి రెండు కట్టలు ఆకు తేలేకపోతివా? ఇండ్లో అంత ఆకు పెట్టుకోని వట్టి సేతుల్తో వస్తారా ఎవరైనా?"

నర్సమ్మ నన్ను అదోలా చూసింది. నాయన రెండడుగులు వేసి, చెయ్యి వెనక్కి తిప్పి నా నుదుటి మీద పెట్టాడు, తర్వాత మెడ మీద పెట్టాడు. నర్సమ్మ, "దిగిందిలే అన్నా, ఎండదెబ్బంతే" అంటున్నా వినిపించుకోకుండా ఇంకోసారి పెట్టి చూసుకుని, అక్కడే నేల మీద కూలబడ్డాడు. "మర్సిపోయినా మే" అన్నాడు.

ఆకు సంగతి ఆ కండక్టరే చూశాడు, నూరేళ్లు బతకాలి. చిత్తూరు బస్టాండులో అవ్వ దిగుతూ సీటు కింద గోతాం చూసి, "ఆ బిడ్డ పిల్లోల్ల తిండి ఇది, పంపీండప్పా, పాపం తగులుతాది" అందట. పలమనేరు వైపు వచ్చే బస్సు టెంటు ముందు ఆగి, "జ్వరం పాప ఎవరమ్మా?" అని కేకేసి గోతాం పడేసి పోయింది. ఆకు ఇంకా తడిగానే ఉంది. నాయన చేతులు అప్పటికి మళ్లీ పనిలో పడ్డాయి, ఆకు సన్నగా చించి, అన్నీ లేచిందాకా ఆగి, తట్ట మీద పలచగా పరిచాడు. వానచినుకుల్లాంటి చప్పుడుతో పిల్లోల్లు మేత మొదలుపెట్టారు. చిత్తూరు నుంచి కిట్టు వచ్చింది, టెస్టులో కూడా ఏమీ లేదని తేలింది. బండిని టెంటు దగ్గరే పెట్టి, నర్సమ్మ ఇచ్చిన మాస్కు కట్టుకుని, నాయన నాతోపాటు తిరుపతికి వచ్చాడు. నువ్వు ఇంటికి పోరాదా, నేనొక్కదాన్నే పోలేనా అని నేను దారంతా సణిగాను.

ల్యాబులో మేడమ్ ఇంకా ఉంది. ఆయాసపడుతూ జరిగిందంతా చెప్పి, "లేచిన రోజే తెచ్చేశాను మేడమ్, తల ముదిరిపోకముందే" అన్నాను. ఆవిడ నా మొహంలోకి అలాగే చూసి, "తల ముదరడమేంటమ్మా? ఈ దశ అయ్యేదాకా అది ఇంక ఒక్క వెంట్రుకవాసి పెరగదు. అందుకే కదా తల కొలుస్తాం! ఇవాళ తెచ్చినా, నాలుగు రోజులాగి తెచ్చినా అదే కొలత. నీ ప్రాజెక్టు మొదటి పేజీలో రాసింది నువ్వేగా?" అంది. నేనే. నా చేత్తో నేనే రాశాను. తలుపు దగ్గర నిలబడ్డ నాయన ఇదంతా విన్నాడు. ఇంక ఉంటుంది నాకు అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, "మేడమ్, తొందర్లో వచ్చేసింది గానీ, ఈసారి ఒగటీ పాడు సెయ్యలేదు. బిడ్డ పేరు పంపిస్తారు గదా?" అన్నాడు. మేడమ్ నవ్వి, తట్టలోంచి ఒక పురుగును తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. పేరు వెళ్లింది.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో పిల్లలకు ఇదే పాఠం చెబుతున్నాను. జ్వరమంటే ఏమిటో, తలలు ఎందుకు కొలుస్తారో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. బస్సు కథ చెబితే క్లాసంతా పడీ పడీ నవ్వుతుంది, వాళ్లతో నేనూ నవ్వుతాను. టెంటులో సంగతి మాత్రం వాళ్లకు చెప్పను. జీవితమంతా జ్వరమన్న మాటను పురుగులకే వాడిన మనిషి, ఆ ఒక్కరోజు దాన్ని నా గురించి విని, మాస్కూ చెప్పులూ మరిచి, ఘాటు దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. అప్పటి నన్ను, కాలు కాలిన ఆ పిచ్చిపిల్లను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వుతోపాటే కళ్లూ చెమ్మగిల్లుతాయి. ఆయన వట్టి చేతుల్తో వచ్చాడని కదా దాని కోపం!